ఫాల్సానా, వాక్కాయా? ఒక్క మొక్కకే చోటుంటే ఏది మేలు

తొలకరి పడగానే మిద్దెతోటల వాళ్లు అడిగే ప్రశ్న ఇదే. ఒక్క మొక్కకే చోటుంది, ఫాల్సా (చిన్న చిన్న పుల్లటి ఊదారంగు పళ్లు కాసే పొద) పెట్టాలా, వాక్కాయ పెట్టాలా అని. రెండూ మన ఎండకు ఓర్చుకునేవే, నీళ్లు కాస్త తక్కువైనా బతికేవే, పులుపులో ఒకదానికొకటి తీసిపోనివే.

నేను చూసేది ఒక్కటే: కోశాక కాయ ఎంతసేపు ఆగుతుంది? పండిన ఫాల్సా పొద్దున కోస్తే మర్నాటికి మెత్తబడి నీరు కారుతుంది. గంపలకెత్తి దూరం పంపే సరుకు కాదు. అందుకే వేసవిలో హైదరాబాద్ పాతబస్తీ వైపు బళ్ల మీద కనిపిస్తుందే గానీ, చాలా ఊళ్లలో అడిగినా దొరకదు. పచ్చి వాక్కాయ అలా కాదు, వారం దాకా గట్టిగానే ఉంటుంది. వానాకాలంలో రైతుబజారుకెళ్తే సంచీ నింపుకుని రావచ్చు. కొంటే దొరికేదానికి ఉన్న ఒక్క చోటూ ఎందుకివ్వాలి?

అలాగని వాక్కాయను తీసిపారేయడానికి లేదు. వాక్కాయ పప్పు, పచ్చిమిర్చి వేసి నూరిన పచ్చడి, పులిహోర... వంటింట్లో ఫాల్సా దీని దరిదాపులకు రాదు. పెక్టిన్ ఎక్కువ కాబట్టి జామ్ ఇట్టే గడ్డకడుతుంది. బేకరీ కేకు మీద మెరిసే ఎర్రటి ‘చెర్రీ’ చాలాచోట్ల రంగేసి పాకంలో ఊరబెట్టిన వాక్కాయే. పొలం గట్టుకు కంచె కావాలంటే రెండో మాటే లేదు, ఆ ముళ్లలోంచి మేక కూడా దూరదు. అవే ముళ్లు పిల్లలు తిరిగే మేడ మీద ఉంటే మాత్రం తంటా. కాయ తుంచితే కారే పాలు వేళ్లకు బంకలా పట్టేస్తాయి. గింజ నుంచి లేచిన మొక్కయితే కాపుకు మూడు నాలుగేళ్లు ఆగాలి.

ఫాల్సాకు ముళ్లుండవు, రెండో వేసవికే కాయడం మొదలుపెడుతుంది. దానితో ఉన్న పేచీ కత్తిరింపు. డిసెంబర్, జనవరి నెలల్లో ఆకు రాల్చినప్పుడు నిర్దాక్షిణ్యంగా మోకాలెత్తుకు కొట్టేయాలి. కాపంతా కొత్త కొమ్మల మీదే మరి. జాలిపడి వదిలేస్తే గరుకాకులతో ఏపుగా పెరిగి, ఉన్న నాలుగు కాయలూ చేతికందవు. పైగా అన్నీ ఒక్కసారి పండవు. బఠాణీ గింజంత కాయలు ఒకే గుత్తిలో పచ్చగా కొన్ని, ఎర్రగా కొన్ని, నల్లటి ఊదారంగులో రెండో మూడో ఉంటాయి. ఆ నల్లవాటిని రోజూ తెల్లారే ఏరుకోవాలి, ఆలస్యమైతే పిగిలిపిట్టల పాలు. దక్కేది గుప్పెడో, రెండు గుప్పెళ్లో. ఆ ఓపిక లేని ఇంట్లో ఫాల్సా దండగ. ఉంటే మాత్రం నా ఓటు దానికే.

ఏరినవి ఫ్రీజర్‌లో పోగేసి, చల్లటి నీళ్లలో చేత్తో పిసికి, వడకట్టి, చక్కెర, చిటికెడు నల్లుప్పు కలిపితే ఎండాకాలపు షర్బత్ సిద్ధం. మిక్సీలో మాత్రం వేయకండి, గింజ నలిగి వగరెక్కుతుంది.

ఈ రెండూ కాక వేరే పుల్లటి పండు మొక్కలు చూస్తామంటే, సురినామ్ చెర్రీ కుండీలో ముచ్చటగా ఉంటుంది గానీ, పండులోని బంక వాసన అందరికీ పడదు. బార్బడోస్ చెర్రీలో విటమిన్ సి దండిగా ఉంటుంది, రుచి సాధారణం.

ఫాల్సా మొక్క నర్సరీలో దొరక్కపోతే, చెట్టున్న వాళ్లనడిగి ఈ ఏటి పళ్లు నాలుగు తెచ్చుకోండి. తాజా గింజ రెండు మూడు వారాల్లో మొలుస్తుంది.