సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? ‘బ్రేకులు కొత్తవే’ అంటే వీల్ విప్పి చూపించమనండి

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజిన్ చప్పుడు వింటాం, ఏసీ వేసి చూస్తాం, పెయింట్ మీద గీతలు వెతుకుతాం. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి ‘అన్నీ కొత్తవే వేయించాం సార్’ అంటే సరే అనేస్తాం. నాకు కారు అమ్మిన డీలర్ కూడా ఆ మాటే అన్నాడు. పైగా కిందికి వంగి, ముందు వీల్ స్పోక్‌ల సందులోంచి ఫోన్ లైటు వేసి మరీ బ్రేక్ ప్యాడ్ చూపించాడు. చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ని రెండు పక్కలా అదిమిపట్టి కారుని ఆపేవి ఈ ప్యాడ్లే. చూపించింది నిజంగానే మందంగా ఉంది. బానెట్ ఎత్తితే బ్రేక్ ఆయిల్ డబ్బా పై గీత వరకూ నిండుగా ఉంది. ఇంకేం అడుగుతాం?

ఆ రెండూ కళ్లకు గంతలు కట్టడమేనని తర్వాత తెలిసింది. కొన్నాళ్లకే బ్రేక్ నొక్కినప్పుడల్లా ముందు ఎడమ వైపు గరగరమని చప్పుడు మొదలైంది. మెకానిక్ వీల్ విప్పి చూస్తే బయటి ప్యాడ్ బాగానే ఉంది, లోపలి ప్యాడ్‌కి మాత్రం మెటీరియల్ అనేదే మిగల్లేదు. వెనకున్న ఇనుప ప్లేటు నేరుగా డిస్క్‌ని రాస్తోంది. డిస్క్ బయటి ముఖం నున్నగా మెరుస్తుంటే, లోపలి ముఖం మీద గోరు దిగేంత గాట్లు.

చాలా కార్లలో ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్‌ని తోసే ముందు బ్రేక్ పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని తోస్తే, ప్యాడ్లని పట్టి ఉంచే క్యాలిపర్ రెండు పిన్‌ల మీద జారి బయటి ప్యాడ్‌ని డిస్క్ మీదికి లాగుతుంది. పిన్‌లు తుప్పు పట్టి బిగుసుకుపోతే పనంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. బయటిది ఎన్నాళ్లకీ పెద్దగా అరగదు. స్పోక్‌ల సందులోంచి కనిపించేది సరిగ్గా అదే.

ఆయిల్ సంగతి ఇంకా తమాషా. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు వస్తుంది, దాని వెనక ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. దాంతో లీకేజీ లేకపోయినా డబ్బాలో మట్టం తగ్గుతుంది. అంటే ఆయిల్ తగ్గడం ప్యాడ్లు చూసుకోమని చెప్పే గుర్తు. పైనుంచి కాస్త పోసేస్తే ఆ గుర్తూ పోతుంది, డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర లైటూ ఆరిపోతుంది. నా కారుకు కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్‌లు వెనక్కి నొక్కగానే డబ్బా మూత దగ్గర ఆయిల్ పొంగి కారింది. అది పెయింట్‌ని తినేస్తుంది కాబట్టి మెకానిక్ గబగబా నీళ్లు పోసి కడిగాడు. అరిగిన ప్యాడ్లు అలాగే ఉంచి ఆయిల్ నింపారనడానికి ఇంకో రుజువు అక్కర్లేదు.

డీలర్‌కి ఫోన్ చేస్తే, ‘ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నానని సంతకం పెట్టారు కదా సార్’ అన్నాడు. కాగితంలో బ్రేకుల ఊసే లేదు. ప్యాడ్లు, పిన్‌లతో పాటు ముందు డిస్కులు రెండూ నా ఖర్చుతోనే మార్పించుకున్నాను.

కాబట్టి డబ్బు కట్టకముందే నాలుగు వీల్స్ విప్పించి, లోపలి ప్యాడ్ చూడండి. కొత్త ప్యాడ్‌కి మెటీరియల్ మందం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, 3కి వచ్చిందంటే మార్చాల్సిందే. డిస్క్ ఎంతవరకు అరగొచ్చో చాలా వాటి మీద మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. ఒక కిటుకు: అంచున ప్యాడ్ తగలని చోట చిన్న గట్టు మిగులుతుంది, కొలత దాని మీద తీస్తే అరిగిన డిస్క్ కూడా మందంగానే ఉన్నట్టు చూపిస్తుంది. గట్టు దాటి లోపల, ప్యాడ్ రాసుకునే చోట కొలవాలి. వెనక డ్రమ్ బ్రేకులుంటే షూలు (డ్రమ్ లోపల ప్యాడ్ల పని చేసేవి) మామూలుగా ఎక్కువ కాలం వస్తాయి, అయినా డ్రమ్ తీసి చూడమనండి.

టెస్ట్ డ్రైవ్‌లో పాటలు ఆపేసి, అద్దాలు దించండి. సన్నగా కీచుమంటుంటే ప్యాడ్‌కున్న చిన్న రేకు డిస్క్‌కి తగులుతోందేమో చూడాలి, అరిగిందని చెప్పడానికే దాన్ని పెడతారు. గరగర వస్తే మాత్రం ఇనుముకి ఇనుము తగులుతున్నట్టు, ఆ కారు ఇక నడపకూడదు. వాన పడ్డ మర్నాడు మొదటి రెండు మూడు బ్రేకులకి రాపిడి చప్పుడు వచ్చి పోతే అది డిస్క్ మీద పట్టిన పల్చటి తుప్పు, దానికి టెన్షన్ పడొద్దు. బ్రేక్ వేస్తే కారు ఒక పక్కకి లాగుతుంటే క్యాలిపరో పిన్‌లో పట్టేసి ఉండొచ్చు. పెడల్ కింద వణుకు వస్తే డిస్క్ మందం అంతటా ఒకేలా లేదని అనుమానించాలి. గట్టిగా తొక్కినప్పుడు టకటకమని పాదానికి కొట్టేది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అది లోపం కాదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి పెడల్ నొక్కిపట్టండి. మెల్లగా కిందికి దిగిపోతూ ఉంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ పోయిందో, ఎక్కడో లీకేజీ ఉందో. స్పాంజ్‌లా మెత్తగా ఉంటే లైన్‌లో గాలి చేరినట్టే.

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. డబ్బా నిండుగా ఉందంటే మార్చినట్టు కాదు. ఈ ఆయిల్ గాల్లో తేమని పీలుస్తుంది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, 3.7 శాతం నీళ్లు చేరాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ దిగుతూ బ్రేక్ మీదే కాలు పెట్టి ఉంచితే అంత వేడి పుట్టగలదు. లోపల ఆవిరి బుడగలు చేరి, తొక్కిన పెడల్ నేలకి తగులుతుంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమనేది ఇందుకే.

ఇదంతా చదివి భయపడి, ‘మొత్తం మార్చేయాలి’ అనే వర్క్‌షాప్ చేతిలో పడకండి. డిస్క్ మీద సన్నగీతలు ఉన్నంత మాత్రాన అది పనికిరాకుండా పోదు. ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలిచి చూపించమనండి, తీసేసిన పాత సామాను అడిగి తీసుకోండి. ప్యాడ్లు మాత్రం ఎడమ, కుడి రెండు వైపులా కలిపే మార్చాలి, ఆ మాట మెకానిక్ చెబితే మోసం కాదు.

డీలర్ బ్రేకులు కొత్తవంటే, ఏ వీల్‌కి ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో అమ్మకం కాగితంలోనే రాయించి, బిల్లు జత చేయించండి. వీల్ విప్పనివ్వనంటే అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.