కంప్యూటర్ల రికార్డులో ఏది ఎప్పుడు మారిందో తెలియాలంటే: షీటా, స్నైప్-ఐటీయా, జీఎల్‌పీఐయా?

మా కాలేజీ పర్లాకిమిడిలో, బ్రాంచి బరంపురంలో. రెండుచోట్లా కలిపి 130 సిస్టమ్‌ల లెక్క నాది. పోయినేడు ఆడిట్‌కి వచ్చినాయన ల్యాబ్‌లో ఒక సిస్టమ్ దగ్గర ఆగారు. బిల్లులో ర్యామ్ 8 జీబీ, మా ఎక్సెల్‌లో 4. మూత తీసి చూస్తే నిజంగానే 4. "ఎప్పుడు తీశారు మేస్టారూ? ఎవరు?" అన్నారు. ఎవరో 8 చెరిపి 4 కొట్టి సేవ్ చేశారు, అంతే. లెక్క సరిగ్గానే ఉంది, ఎవరు ఎప్పుడు మార్చారన్న జాడే లేదు. అదే నా టెన్షన్.

ముందు గూగుల్ షీట్‌కి మారాం. ఖర్చు లేదు, కొత్తగా నేర్చుకునేదీ లేదు. గడి మీద కుడి క్లిక్ కొట్టి ఎడిట్ హిస్టరీ తెరిస్తే పాత విలువ, మార్చినవారి పేరు, తేదీ వస్తాయి. కానీ అడ్డు వరుసే డిలీట్ అయితే అడగడానికి ఆ గడే ఉండదు, షీట్ పాత రూపాలుండే వెర్షన్ హిస్టరీలో తవ్వుకోవాలి. పైగా ల్యాబ్‌లో అందరిదీ ఒకే జీమెయిల్. ఏ మార్పు చూసినా చేసింది 'ల్యాబ్'! ఆ తప్పు మాత్రం మాదే.

ఊరి పేరుతో ఇంకో తమాషా. మా తెలుగు కుర్రాడు బరంపురం అని రాస్తాడు, ఒడియా క్లర్కు బ్రహ్మపూర్ అంటాడు, పాత బిల్లుల్లో బెర్హంపూర్. ఒక ప్రింటర్ హిస్టరీ చూస్తే నెల రోజుల్లో మూడు ఊళ్లు తిరిగొచ్చినట్టుంది. అది బల్ల మీంచి కదలనే లేదు.

తర్వాత సామాను లెక్క రాసుకునే రెండు సాఫ్ట్‌వేర్లు, స్నైప్-ఐటీ, జీఎల్‌పీఐ, పక్కపక్కనే పెట్టి చూశాను. రెండూ ఓపెన్ సోర్సే (కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది), సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు.

వస్తువు ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యమైతే స్నైప్-ఐటీ బాగుంది. ల్యాప్‌టాప్ ఎవరికిచ్చాం, ఎప్పుడు వెనక్కొచ్చింది అన్నీ దాని హిస్టరీలో వరుసగా ఉంటాయి, తీసుకున్నవారి చేత అందిందని ఒప్పుకోలు కూడా తీసుకోవచ్చు. కానీ అది సిస్టమ్ లోపలికి తొంగి చూడదు. ర్యామ్ పీకేసి ఎవరూ ఎంట్రీ చేయకపోతే దానికీ తెలియదు.

జీఎల్‌పీఐలో ప్రతి సిస్టమ్‌లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ పెడతాం. అది మామూలుగా రోజుకోసారి లోపలి సామాను లెక్క సర్వర్‌కి పంపుతుంది. 8 ఉన్నది 4 అయితే ఆ సిస్టమ్ హిస్టరీ ట్యాబ్‌లో తేదీతో సహా పడుతుంది. ఊళ్ల పేర్లకు ముందే జాబితా చేసి, కొత్త పేరు చేర్చే హక్కు నా ఒక్కడికే ఉంచుకున్నాను. ప్రింటర్ తిరుగుడు ఆగింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఏజెంట్ పట్టిన మార్పులో ర్యామ్ పీకినవారి పేరు ఉండదు, మారిందని మాత్రమే తెలుస్తుంది. పొద్దున తీసి సాయంత్రం పెట్టేస్తే అదీ దొరక్కపోవచ్చు. ఇంకోటి, ఏజెంట్ నింపిన గడిని మనం చేత్తో మారిస్తే దానికి తాళం పడుతుంది, తర్వాత ఏజెంట్ ఏం పంపినా ఆ విలువ మారదు. ఇది తెలియక నేను రెండు వారాలు ఏజెంట్‌ని తిట్టుకున్నాను.

30, 40 సిస్టమ్‌లుండి, మార్చేది ఇద్దరే అయితే గూగుల్ షీట్ చాలు. ఎవరి లాగిన్ వారికుండాలి, 'కారణం' అని ఒక కాలమ్ పెట్టండి. ల్యాప్‌టాప్‌లు చేతులు మారుతుంటే స్నైప్-ఐటీ. మాలాగ ల్యాబ్‌లలో విడిభాగాలు కాళ్లొచ్చి నడిచిపోతుంటే జీఎల్‌పీఐ. ఎక్కువ పని పెట్టేదీ అదే, అయినా నా ఓటు దానికే. సామాను గేటు దాటేటప్పుడు సంతకానికి కాగితం రిజిస్టర్ మాత్రం వదల్లేదు, స్టోర్ ఆయన ఊరుకోరు.

పాత ఎక్సెల్‌ని చూడ్డానికి మాత్రమే వీలయ్యేలా పెట్టాను. ఆ 4 అందులో ఇంకా అలాగే ఉంది.