డీజే అరఫత్ ‘రెనెసాన్స్’ ఆల్బమ్ – సమీక్ష

పశ్చిమాఫ్రికా దేశమైన ఐవరీ కోస్ట్‌కు చెందిన గాయకుడు డీజే అరఫత్ 2018 డిసెంబరులో యూనివర్సల్ మ్యూజిక్ ఆఫ్రికా ద్వారా విడుదల చేసిన ‘రెనెసాన్స్’ను మొదటిసారి విన్నప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు తల దిమ్మెక్కింది. దరువు తెరిపి ఇవ్వదు. దాని మీద ఆయన పాడుతున్నట్టు కాక, కేకలు వేసి ఎవరినో తరుముతున్నట్టు ఉంటుంది. రాగం కోసం వెతకడమే నేను చేసిన పొరపాటని రెండోసారి విన్నాక గాని తెలియలేదు.

ఈ సంగీతాన్ని కూపే-డెకాలే అంటారు. 2002 ప్రాంతంలో పారిస్ నైట్‌క్లబ్బులలో నోట్లు వెదజల్లిన ఐవరీ కోస్ట్ యువకుల మధ్య పుట్టి, స్వదేశం అంతర్యుద్ధంలో ఉన్న రోజులలోనే అది ఆ దేశంలోని అతిపెద్ద నగరం అబిజాన్‌కు పాకింది. అక్కడి వీధి భాష నూషీలో ‘కూపే’ అంటే టోకరా వేయడం, ‘డెకాలే’ అంటే ఉడాయించడం. (పేరులోనే దాపరికం లేని సంగీతం ఇది.) తిండీ, బీరూ, పాటా ఒకేచోట దొరికే ‘మాకీ’ అనే ఆరుబయటి హోటళ్లలో డీజే పని పాటలు మార్చడంతో తీరిపోదు, మైకు పట్టుకుని, వచ్చినవారిని పేరుపేరునా పొగిడి, ఆడేవారికి తరవాతి అడుగు ఏమిటో అరిచి చెప్పాలి. అబిజాన్ నగరపు యోపుగోన్ పేటలోని ర్యూ ప్రిన్సెస్ వీధిలో ఆ పనితోనే ఎదిగి, 2003లో తొలి విజయం అందుకున్న అరఫత్, పెద్ద సంస్థకు ఆల్బమ్ చేసేనాటికి కూడా ఆ గొంతును మార్చుకోలేదు. నాకు బాగా నచ్చినది అదే.

లోపాలూ ఉన్నాయి. కూర్చుని వరుసగా వింటే పాటకూ పాటకూ తేడా తెలియదు. ఫోను స్పీకరులో మంద్ర స్వరాలు (బేస్) మాయమై రేకు డబ్బా మోత మిగులుతుంది. మంచి స్పీకరులో పెట్టాక అదే దరువు ఛాతీకి తగిలింది. నేను విన్న స్ట్రీమింగ్ సేవ సాహిత్యం ఇవ్వకపోవడంతో, ఫ్రెంచి, నూషీ కలగలిసిన మాటలలో సగానికి పైగా నాకు అందలేదు.

విడుదలైన ఎనిమిది నెలలకే, 2019 ఆగస్టు 12న, అబిజాన్‌లో జరిగిన మోటారుసైకిల్ ప్రమాదంలో గాయపడి అరఫత్ 33 ఏళ్ల వయసులో మరణించారు. కొత్తగా వినేవారు దీనికన్నా ముందు ఆయన తొలినాటి పాటలు వినడం మేలు. ఆ తరవాత ఈ ఆల్బమ్‌ను తీసుకుని, ఒక విడతకు మూడు పాటలకు మించకుండా, వీలైతే నిలబడి వినండి.