రాధామనోహరం, దొండ, తమలపాకు: బెంగళూరులో ఏ తీగని ఎంత లోతు నాటాలి?

తీగ మొక్కని లోతుగా పాతితే గట్టిగా నిలబడుతుందని నర్సరీలో చెప్తారు చూడండి, అది దొండకీ తమలపాకుకీ బాగానే పనికొస్తుంది, రాధామనోహరానికీ బోగన్‌విల్లాకీ మాత్రం వద్దే వద్దు. కె.ఆర్.పురం వైపు మా ఇల్లు, కాంపౌండ్ గోడ వెంట మూరెడు నేల, డాబా మీద పాత పెయింట్ డబ్బాలు, కొన్నేళ్లుగా ఇవన్నీ అందులోనే పెంచుతున్నాను కాబట్టి చెప్తున్నా.

దొండకి లోతుగా పాతడం నూటికి నూరుపాళ్లూ సరిపోతుంది. పెన్సిల్ లావున్న ముదురు తీగ ముక్కని రెండు కణుపులు మట్టిలో, రెండు పైన ఉండేలా ఏటవాలుగా గుచ్చితే చాలు, వేళ్లు వచ్చేది ఆ కణుపుల దగ్గరే. తమలపాకూ అంతే, కాకపోతే నీళ్లు నిలిస్తే ఊరుకోదు.

రాధామనోహరం అలా కాదు. కవర్లో మట్టి ఏ మట్టానికి ఉందో నేలలోనూ అదే మట్టం, అరంగుళం పైకున్నా పర్లేదు గానీ కిందికి దిగకూడదు. గొయ్యి వెడల్పు మాత్రం కవరుకి రెండింతలు ఉండాలి. ఇక్కడ నర్సరీలో ఇచ్చే ఎర్రమట్టి గడ్డ ఎండిందంటే ఇటుకే, నీళ్లు పక్కనుంచి జారిపోతాయి తప్ప లోపలికి దిగవు, అందుకే నాటే ముందు దాన్ని బకెట్ నీళ్లలో బుడగలు ఆగేదాకా ఉంచుతాను. ఇప్పుడు మా తీగ మేడ రెయిలింగ్ దాకా పాకింది, సాయంత్రం తెల్లగా విచ్చిన పూలు తర్వాత గులాబీ, ఆపైన ఎరుపు. బోగన్‌విల్లా వేళ్లు పెళుసు, గడ్డ విరిగితే మొక్క అలుగుతుంది.

డబ్బాల్లో అసలు టెన్షన్ మట్టి కుంగడం. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), కంపోస్ట్ ఎక్కువైతే నెలలు గడిచేకొద్దీ మట్టితో పాటు మొక్కా కిందికి దిగి మొదలు చుట్టూ గుంట పడుతుంది, ఇక అక్టోబర్ వానలకి నీళ్లన్నీ అక్కడే. పక్కింటి ఆంటీ వాళ్ల మల్లె అలాగే పోయింది, పట్టుకుని లాగితే బెరడు మెత్తగా ఊడి చేతికొచ్చింది. అలా కుంగినప్పుడు పైన మట్టి పోస్తే లాభం లేదు, మొక్కని గడ్డతో సహా ఎత్తి కింద నింపాలి.

యూట్యూబ్‌లో ఇంగ్లండ్ వాళ్లు రెండు మూడు అంగుళాలు లోతుగా పాతమనేది క్లెమాటిస్ అనే పూలతీగని. దానికి విల్ట్ తెగులొచ్చి పైభాగమంతా ఎండినా మట్టిలో ఉన్న కణుపుల నుంచి మళ్లీ చిగురేస్తుందని. అది చూసి ఇక్కడ మల్లెని పూడ్చకండి!

ఇంకోటి, గోడకి ఆనించి నాటొద్దు, సజ్జ కింద వాన పడదు, పైగా తవ్వితే అన్నీ సిమెంటు పెచ్చులే. జానెడున్నర దూరం వదిలి తీగని కర్రతో గోడ వైపు మళ్లించుకోండి. చిక్కుడు, బీర గింజలకైతే ఇంత తతంగం లేదు, వేలి మొదటి కణుపు లోతు చాలు.