పానగల్ దారిలోని రేకుల షెడ్డు, మొరాయించిన నా కారు

నల్లగొండ నుంచి పానగల్ వెళ్లే దారిలో, పంక్చర్ల కొట్టును ఆనుకొని, రేకుల కప్పు కింద నడుస్తున్న ఒక ఆటో ఎలక్ట్రిషియన్ దుకాణం గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి కాబట్టి పేరు ఇవ్వలేకపోతున్నాను. బ్యాటరీలు చూసే భాయ్ ఎక్కడుంటారని అడిగితే ఆ దారిలో ఎవరైనా చూపిస్తారు.

నాది తొమ్మిదేళ్ల పాత పెట్రోలు కారు. గత వేసవిలో దానికి ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్టయ్యేది గాని, ఎండలో కాస్త దూరం తిరిగి ఆపిన తర్వాత మళ్లీ తాళం తిప్పితే 'టక్' మని ఒక్క చప్పుడు చేసి ఊరుకునేది. ఇద్దరు మనుషులు వెనక నుంచి నెట్టగా రెండో గేరులో క్లచ్ వదిలితే మాత్రం వెంటనే అందుకునేది. పట్టణంలోనే మరొక చోట చూపిస్తే, బానెట్ ఎత్తి అర నిమిషం చూసి, బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేయించాను. రెండు నెలలు బాగానే నడిచి కథ మళ్లీ మొదటికి వచ్చింది. రెండోసారి వెళ్తే సెల్ఫ్ మోటారు మార్చాలని, 6,500 రూపాయలు అవుతుందని చెప్పారు. ఈ రెండు తీర్పులు చెప్పేటప్పుడూ వారి చేతిలో వోల్టులు కొలిచే మీటరు లేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

పానగల్ దారిలోని భాయ్ బానెట్ ఎత్తకముందే ప్రశ్నలు మొదలుపెట్టారు. "సప్పుడు ఎట్లొస్తది సార్? ఒక్కటే టక్ అంటదా, టకటకటక అని కొట్టుకుంటదా?" అన్నది మొదటి ప్రశ్న. వరుసగా కొట్టుకుంటే బ్యాటరీలో బలం లేదని అనుమానించాలట. ఒక్కసారే మోగి ఆగిపోతే సెల్ఫ్ మోటారు, దాని సొలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్), లేదా వాటికి కరెంటు మోసే లావు తీగలను చూడాలట. ఇంజను గిరగిర తిరుగుతూ కూడా అందుకోకపోతే అది వేరే దారి, అప్పుడు పెట్రోలు పంపు, స్పార్కు వెతకాలి. అసలు ఏ చప్పుడూ లేకపోతే తాళం, ఫ్యూజు, రిలే దగ్గర మొదలుపెట్టాలి. నా జవాబు విన్నాక హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టమన్నారు. వెలుగు దాదాపుగా తగ్గలేదు. బ్యాటరీ నీరసించి ఉంటే లైట్లు ఆరిపోయినంత పని అయ్యేది.

ఆ తర్వాతే మీటరు బయటికి తీశారు. బండి ఆపి ఉండగా బ్యాటరీ 12.5 వోల్టులు చూపింది. నిండా చార్జయిన బ్యాటరీ 12.6 దాకా చూపుతుంది కాబట్టి అందులో లోపం లేదు. నన్ను సెల్ఫ్ కొట్టమని, మీటరు తీగల్లో ఒకదాని కొనను బ్యాటరీ మైనస్ మీద, రెండోదాని కొనను ఇంజను లోహం మీద ఆనించి పెట్టారు. ఈ రెండింటి మధ్య అర వోల్టుకు మించి కనిపించకూడదట. మీటరు 4 వోల్టులు దాటింది. అంటే మోటారుకు వెళ్లవలసిన బలం తిరుగు దారిలోనే ఖర్చయిపోతోంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి, దాన్ని బ్యాటరీ మైనస్ తగిలించి ఉండే బాడీతో కలిపే అల్లిక రాగి పట్టీ, అంటే ఎర్త్ పట్టీ, చెడిపోతే సెల్ఫ్ మోటారుకు కరెంటు సరిగా తిరిగి రాదు. లైట్ల ఎర్త్ బాడీ మీదే ఉంటుంది గనుక అవి మాత్రం మామూలుగా వెలుగుతాయి. నిర్ధారణ కోసం ఒక జంపర్ తీగను బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజనుకు తగిలించగానే, మార్చి తీరాలన్న ఆ మోటారే ఒక్క తిప్పుకు ఇంజనును లేపింది.

గేరుబాక్సు పక్కన దొరికిన పాత పట్టీ ఒక కొసన ఆకుపచ్చ చిలుముతో గట్టిపడి, సగం పోగులు తెగి ఉంది. కొత్తది బిగించే ముందు బోల్టు కింది రంగును, తుప్పును గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు పూశారు. నాకు బాగా నచ్చినది దీని తర్వాతి పని. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద మళ్లీ మీటరు పెట్టారు. పట్టీ మార్చక ముందు 13.3 ఉన్నది ఇప్పుడు 14.2 అయింది. బ్యాటరీని చార్జ్ చేసే డైనమో (ఆల్టర్నేటర్) కూడా ఇంజనుకే బిగించి ఉంటుంది కనుక అదీ ఆ తెగిన పట్టీ గుండానే చార్జింగు పంపుతోందని, ఇంతకాలం బ్యాటరీ అర్ధాకలితోనే ఉందని అప్పుడు అర్థమైంది. చాలాకాలం తక్కువ చార్జింగులో ఉన్న బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. మన ఎండలు దాని ఆయుష్షును ఇంకా తగ్గిస్తాయి. నేను తీసి పారేసిన మొదటి బ్యాటరీ బహుశా ఈ కారణం వల్లే పోయి ఉంటుంది.

నేను కూర్చున్నంత సేపట్లో ఒక ఆటో ఆయన తన బ్యాటరీలో పోయడానికి సీసాతో బోరు నీళ్లు తెచ్చాడు. భాయ్ ఆ సీసాను పక్కన పెట్టించి డిస్టిల్డ్ వాటర్ కొనుక్కురమ్మని పంపారు. ఫ్లోరైడు గురించి నల్లగొండ వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు గాని, నీళ్లలోని లవణాలు బ్యాటరీ పలకలకు కూడా చేటు చేస్తాయన్నది చాలామందికి పట్టదు.

పట్టీకి 250, పనికి 300, మొత్తం 550 రూపాయలు తీసుకున్నారు. వెతికి కనిపెట్టినందుకు విడిగా అడగలేదు. అడిగినా సంతోషంగా ఇచ్చేవాణ్ని.

లోపాలు లేకపోలేదు. బిల్లు ఇవ్వరు, కాబట్టి వేసిన సామానుకు గ్యారంటీ నోటి మాట మీదే ఉంటుంది. కూర్చోవడానికి ఉన్నది ఒకే ఒక పాత ట్రాక్టరు సీటు. వరి కోతల కాలంలో ట్రాక్టర్లకు, హార్వెస్టర్లకు ముందు వరుస. కార్ల వాళ్లు రెండు గంటలు ఆగవలసి వస్తుంది, నేనూ ఆగాను. కంప్యూటరు స్కానరు లేదు. తాళంలో చిప్ ఉన్న కొత్త బండ్లలో ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజనును స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) తగాదా అయితే అది తన పని కాదని మొదటే చెప్పి పంపించేస్తారు. ఫోను చేస్తే ఎత్తడం అరుదు, బండి ఆగిన చోటికి రావడం ఇంకా అరుదు. అందువల్ల నెట్టించుకొనో, కట్టించుకొనో అక్కడికే తీసుకెళ్లాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు షెడ్డు మూసి, మళ్లీ మూడు గంటలు దాటాకే తెరుస్తారు. ఆ రోజు వెళ్లేవారు పదకొండు లోపు చేరుకోవడం మంచిది.