డాట్ లా, డాట్ లాయర్, డాట్ ప్రో, లేకపోతే మామూలు డాట్ కామ్: లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఏది మేలు?

లాయర్లకి, అకౌంటెంట్లకి, డెంటిస్టులకి సైట్లు, మెయిళ్ళు సెటప్ చేసి పెట్టడం నా పని. కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది ఒకటే అడుగుతారు, మా ప్రొఫెషన్‌కి స్పెషల్‌గా డొమైన్లు (చివర డాట్ కామ్ బదులు డాట్ లా, డాట్ లాయర్ లాంటివి ఉండే సైట్ అడ్రసులు) వచ్చాయంట కదా, అది పెట్టుకుంటే జనం ఎక్కువ నమ్ముతారా అని. నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తా: అది మీకు ఇచ్చేముందు మీ లైసెన్స్ ఎవరైనా చూస్తున్నారా? నా లెక్కలో నమ్మకం సంగతి తేల్చేది ఇదొక్కటే.

డాట్ లా, డాట్ లాయర్ తీసుకోండి, చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ రెండిటికీ అస్సలు పోలిక లేదు. డాట్ లా 2015లో మొదలైంది, క్వాలిఫైడ్ లాయర్లు, లా ఫర్మ్‌లు, కోర్టులు, లా కాలేజీలు, లాయర్లని కంట్రోల్ చేసే సంస్థలు, వీళ్ళకే ఇస్తారు. మీ లైసెన్స్ ఎవరు ఇచ్చారు, ఎక్కడ ప్రాక్టీస్ చేసే హక్కు ఉంది, ఇవన్నీ ఇవ్వాలి, వాటిని చెక్ చేస్తారు. డాట్ లాయర్, డాట్ అటార్నీ అలా కాదు, డబ్బు కట్టి కొనుక్కుని వెళ్ళిపోవడమే. పూర్తిగా రూల్ లేదని కాదు. 2013లో ఐకాన్ (ప్రపంచం మొత్తానికీ డొమైన్ పేర్ల వ్యవస్థని చూసే సంస్థ) లో ఉండే ప్రభుత్వాల కమిటీ బీజింగ్ మీటింగులో గట్టిగా పట్టుబట్టింది, ఇలాంటి రెగ్యులేటెడ్ వృత్తుల పేర్లు ఎవరికి పడితే వాళ్ళకి ఇస్తే జనం మోసపోతారు, జాగ్రత్తలు పెట్టండి అని. చివరికి కాంట్రాక్టులోకి ఎక్కింది ఏంటంటే, కొనేవాడు తనకి కావాల్సిన లైసెన్స్ ఉందని ఒప్పుకోవాలి, తర్వాత ఎవరైనా కంప్లైంట్ ఇస్తే అప్పుడు రిజిస్ట్రీ (డాట్ లాయర్ లాంటిదాన్ని నడిపే సంస్థ) సంబంధిత అధికారుల్ని సంప్రదిస్తుంది. అంటే "నాకు లైసెన్స్ ఉంది" అని వాడే చెప్తాడు, వీళ్ళు సరే అంటారు. డాట్ డెంటిస్ట్ కూడా ఈ బాపతే. లోపలికి వచ్చాక ఎవడో గొడవ చేస్తే తప్ప టికెట్ అడగని బస్సు లాంటిది.

నిజంగా కాపలా ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే డాట్ బ్యాంక్ చూడండి, అది కూడా 2015దే. అది మనలాంటి వ్యక్తులకి కాదు, బ్యాంకులు, వాళ్ళ సంఘాలు లాంటి సంస్థలకి మాత్రమే. ఇచ్చేముందు సంస్థని వెరిఫై చేస్తారు, ఇచ్చాక కూడా డీఎన్ఎస్ఎస్ఈసీ (డొమైన్ సమాచారాన్ని మధ్యలో ఎవరూ మార్చలేదని తేల్చే డిజిటల్ సంతకం) ఉండాలి, మెయిల్‌కి ఆథెంటికేషన్ (నిజంగా ఆ బ్యాంకే పంపిందని తేల్చే ఏర్పాటు) ఉండాలి, సైట్ హెచ్‌టీటీపీఎస్ లేకుండా తెరుచుకోనే కూడదు, ఇలా సెక్యూరిటీ రూల్స్ చాలానే ఉన్నాయి. డాట్ ఫార్మసీ సంగతీ అంతే, దాన్ని అమెరికాలో రాష్ట్రాల ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం నడుపుతుంది, ఆన్‌లైన్‌లో నకిలీ మందుల షాపులు పెరిగిపోయాయనే ఆ ఎక్స్‌టెన్షన్ (అడ్రస్‌లో ఆఖరి చుక్క తర్వాతి ముక్క) పెట్టారు. డాట్ సీపీఏ అయితే అమెరికా సీపీఏల (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్ల) సంస్థ ఏఐసీపీఏ చేతిలో ఉంది, 2020లో ముందు ఫర్మ్‌లకి ఇచ్చి, 2021 నుంచి లైసెన్స్ ఉన్న వ్యక్తులకీ ఇస్తున్నారు. వృత్తి సంఘమే గేటు దగ్గర కూర్చుంటే ఆ పేరుకి ఒక బరువు ఉంటుంది, నాకు వీటిలో నచ్చేది అదే.

ఇక డాట్ ప్రో. దాని కథ తెలియకుండా ఎవరూ దాని మీద డబ్బు పెట్టకూడదు అంటా. 2000లో ఐకాన్ ఓకే చేసిన ఏడు కొత్త ఎక్స్‌టెన్షన్లలో అదొకటి, 2004లో మార్కెట్లోకి వచ్చింది. ఐడియా చాలా బాగుంది, డాక్టర్లకి మెడ్ డాట్ ప్రో, లాయర్లకి లా డాట్ ప్రో, అకౌంటెంట్లకి సీపీఏ డాట్ ప్రో, లైసెన్స్ చూపిస్తేనే ఇస్తారు. మరి ఏమైంది అంటే, రూల్ కఠినంగా ఉంది కాబట్టి కొనేవాళ్ళు తక్కువ, కొనేవాళ్ళు తక్కువ కాబట్టి జనానికి అలాంటిది ఒకటి ఉందనే తెలియదు, జనానికి తెలియని గుర్తు పెట్టుకుని డాక్టర్‌కి ఏం లాభం, అందుకని ఇంకా తక్కువమంది కొన్నారు. ఈలోపు ఒక రిజిస్ట్రార్ (మనకి డొమైన్లు అమ్మే కంపెనీ) తన ద్వారా ఎవరైనా డాట్ ప్రో పేరు వాడుకునేలా పక్కదారి తెరిచాడు. 2008లో రూల్స్ సడలించారు, 2015లో పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు ఎవరైనా కొనొచ్చు, ప్రో గేమర్ కూడా కొనుక్కోవచ్చు. కాబట్టి ఇవాళ డాట్ ప్రో చూసి లైసెన్స్ ఉందనుకుంటే పొరపాటే, పేరు చిన్నగా బాగుందనిపిస్తే తీసుకోండి, అంతకుమించి దాంట్లో ఏం లేదు.

కొన్ని దేశాలు ఈ పని తమ సొంత ఎక్స్‌టెన్షన్ కిందే చేశాయి. ఫ్రాన్స్‌లో లాయర్లకి అవొకా డాట్ ఎఫ్ఆర్, డాక్టర్లకి మెద్సాఁ డాట్ ఎఫ్ఆర్ లాంటివి ఉన్నాయి, బ్రెజిల్‌లో ఏడీవీ డాట్ బీఆర్, మెడ్ డాట్ బీఆర్ ఉన్నాయి. మీ దగ్గర అలాంటిది ఉండి, స్థానిక క్లయింట్లకి అలవాటై ఉంటే, ఆ అలవాటుకి నేను పెద్ద మార్కులు వేస్తా.

సరే, ఇంతకీ డాట్ కామ్ సంగతి. ఒక చిన్న సీన్ చెప్తా. మీరు లాయర్, ఫోన్‌లో క్లయింట్‌కి మెయిల్ ఐడీ చెప్తున్నారు, "నా పేరు డాట్ లా". అటువైపు నుంచి "లా తర్వాత డాట్ కామా సార్?" అంటారు. కాదండీ, అంతే, డాట్ లా అంటారు మీరు. ఆయన ఊఁ అని పెట్టేసి పేరూ లా కలిపి చివర డాట్ కామ్ తగిలించి టైప్ చేస్తాడు. ఆ డొమైన్ ఇంకెవరిదో అయితే, ఏ ఐడీకి వచ్చినా ఒకే బాక్స్‌లో పడేలా వాళ్ళు సెట్ చేసుకుని ఉంటే, మీ క్లయింట్ పంపిన కేసు కాగితాలు నేరుగా ముక్కూముఖం తెలియని మనిషి చేతికి వెళ్తాయి. మెయిల్ తిరిగి కూడా రాదు, వెళ్ళిందనే అనుకుంటారు ఇద్దరూ. గోప్యత కాపాడాల్సిన వృత్తిలో ఇది చిన్న విషయం కాదు. అందుకే డాట్ లా తీసుకునేవాళ్ళకి నేను ముందే చెప్తా, పేరుకి లా తగిలించిన ఆ డాట్ కామ్ దొరికితే అది కూడా కొనేయండి, దొరక్కపోతే ఇంకో పేరు ఆలోచిద్దాం.

గూగుల్ ర్యాంకింగ్ పెరుగుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి, కొత్త ఎక్స్‌టెన్షన్లకి ప్రత్యేకంగా మార్కులు వేయం, తీసేయం అని 2015లోనే గూగుల్ చెప్పేసింది.

డబ్బు దగ్గర మాత్రం కాస్త కళ్ళు తెరిచి చూడాలి. మొదటి ఏడాది రేటు చూసి ఎగబడతారు, రెన్యువల్ రేటు వేరే ఉంటుంది. ఈ కొత్త ఎక్స్‌టెన్షన్ల మీద రేటు ఇంతకి మించకూడదని పరిమితి లేదు, రిజిస్ట్రీ రెన్యువల్ రేటు పెంచాలంటే రిజిస్ట్రార్లకి 180 రోజుల ముందు చెప్పాలి, అంతే. నచ్చిన పేరు దొరికితే పెంచకముందే ఒకేసారి పదేళ్ళ వరకు కట్టేసుకోవచ్చు. పేరు పక్కన ప్రీమియం అని ఉంటే మాత్రం ప్రతి ఏడాదీ ఆ ప్రీమియమే కట్టాలేమో కొనేముందే అడగండి. ఇంకోటి, గేటున్న ఎక్స్‌టెన్షన్లలో లైసెన్స్ పోయినా, మానేసినా ఆ పేరు మీద హక్కు నిలవదు, రిటైర్ అయ్యాక కూడా అదే మెయిల్ వాడుకుందాం అనుకునేవాళ్ళు ఆలోచించుకోవాలి.

కాబట్టి నా ఆర్డర్ ఇది. డాట్ కామ్ గానీ మీ దేశం ఎక్స్‌టెన్షన్ గానీ దొరికితే మెయిల్ దాని మీదే. డాట్ లా, డాట్ సీపీఏకి అర్హత ఉంటే అదీ తీసుకోండి, సైట్‌కి అది వాడుకోవచ్చు, ఖర్చుకి తగ్గ విలువ ఉంది. డాట్ లాయర్, డాట్ డెంటిస్ట్ లాంటివి మీ పేరు ఇంకొకరు కొనేయకుండా పట్టుకోవడానికి మాత్రమే. డాట్ ప్రో ఆఖర్న.

ఒక డెంటిస్ట్ గారు నా మాట వినలేదు, డాట్ డెంటిస్ట్ మీదే మెయిల్ కావాలన్నారు, పెట్టాను. వారం తిరక్కుండా ఫోన్, ఏదో ఇన్సూరెన్స్ ఫామ్ నింపుతుంటే "సరైన ఈమెయిల్ ఇవ్వండి" అని ఎర్రక్షరాలు వస్తున్నాయంట. చూస్తే ఆ ఫామ్ రాసినవాడు చుక్క తర్వాత రెండు నుంచి నాలుగు అక్షరాలే ఉండాలని రాసి పెట్టాడు, డెంటిస్ట్ అంటే ఇంగ్లీషులో ఏడు. డాట్ లా అయితే మూడే కాబట్టి అక్కడ గట్టెక్కేది. ఆ ఫామ్ మన చేతిలో లేదు, ఎవరిని అడిగినా పలకరు. చివరికి మెయిల్ డాట్ కామ్‌కి మార్చాం. క్లినిక్ బోర్డు మీద మాత్రం డాట్ డెంటిస్ట్ అడ్రసే ఉంది, టైప్ చేస్తే డాట్ కామ్ తెరుచుకుంటుంది, బోర్డు మళ్ళీ రాయించడం దండగ అంటారాయన.