ఎన్‌సీసీ నేవల్ వింగ్: స్కూలు నుంచి డిగ్రీ దాకా ఉన్న క్యాడెట్ సమీక్ష

పిల్లల్ని ఎన్‌సీసీలో చేర్చాలనుకునే అమ్మానాన్నలు మొదట అడిగేది సర్టిఫికెట్ గురించే. ఆ సంగతి తర్వాత చెప్తాను. నేవల్ వింగ్ అయితే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: ఆ యూనిట్‌కి పడవలున్నాయా, ఉంటే అవి ఎంత తరచుగా నీళ్లలోకి దిగుతాయి? స్కూల్లో జూనియర్ వింగ్, డిగ్రీలో సీనియర్ వింగ్ చేసి, ఏ (స్కూల్లో), బి, సి (డిగ్రీలో) మూడు సర్టిఫికెట్లూ తీసుకుని బయటికొచ్చాను. ఇప్పుడు మా అక్క కూతురు చేరతానంటోంది. దానికి చెప్పిన మాటలే ఇక్కడా రాస్తున్నాను.

తెలియనివాళ్లకి కొంచెం వివరం. ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) 1948లో ఒక చట్టంతో మొదలైంది. నేవల్ వింగ్, అంటే నౌకాదళ విభాగం, 1952లో వచ్చింది. స్కూలు పిల్లలకి రెండేళ్ల శిక్షణ, కాలేజీ వాళ్లకి మూడేళ్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకి కలిపి ఒకటే డైరెక్టరేట్, సికింద్రాబాద్‌లో ఉంటుంది. ఆర్మీ వింగ్ దాదాపు ప్రతి ఊళ్లో దొరుకుతుంది గానీ నేవల్ వింగ్ అలా దొరకదు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల అవకాశం ఎక్కువ. 2020 ఆగస్టు 15న ప్రధాని సరిహద్దు, తీర ప్రాంతాల్లోని 173 జిల్లాల్లో లక్షమంది కొత్త క్యాడెట్లని తీసుకుంటామని, వాళ్లలో మూడోవంతు అమ్మాయిలే ఉంటారని ప్రకటించారు. తీరం వెంట ఉన్న కాలేజీల్లో చదివేవాళ్లు ఒకసారి కనుక్కోవడం మంచిది.

మొదటి ఏడాది ఎక్కువగా గ్రౌండ్‌లోనే గడుస్తుంది. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, తేజ్ చల్. ఏ వింగ్‌లో చేరినా ఇది తప్పదు. నేవల్ వాళ్లకి అదనపు కష్టం తెల్ల యూనిఫామ్. మట్టి గ్రౌండ్‌లో పరేడ్ చేసి ఇంటికొచ్చాక దాన్ని ఉతికి, గంజి పెట్టి, మడత నలగకుండా ఇస్త్రీ చెయ్యడం మనమే నేర్చుకోవాలి. అమ్మకి అప్పజెప్పేవాళ్లు ఉంటారు. మా సీనియర్లు మాత్రం చూడగానే పట్టేసేవాళ్లు.

అసలు శిక్షణ పడవలో మొదలవుతుంది. ఎన్‌సీసీ యూనిట్లలో ఎక్కువగా వాడేది డీకే వేలర్ అనే పడవ. డీకే అంటే డ్రాప్ కీల్. అడుగున పైకీ కిందికీ కదిపే పలక ఉంటుంది. తెరచాప ఎత్తి గాలికి ఎదురుగా ఏటవాలుగా వెళ్లేటప్పుడు ఆ పలక దించుతారు, లేకపోతే పడవ పక్కకి జారిపోతుంది. పొడవు 27 అడుగులు. తెడ్లు అయిదు, ఒకవైపు మూడు, రెండోవైపు రెండు. దీన్ని లాగడాన్ని పుల్లింగ్ అంటాం. మొదట్లో అరచేతులు బొబ్బలెక్కుతాయి, నడుము పట్టేస్తుంది. తెడ్డు చేతుల బలంతో లాగేదని అందరూ అనుకుంటారు గానీ కాళ్లు తన్నిపెట్టి, వీపు వెనక్కి వాల్చి లాగితే గానీ పడవ కదలదు. సన్నగా ఉన్న అమ్మాయిలు కూడా ఈ కిటుకు పట్టాక గంటసేపు ఆగకుండా లాగడం నేను చూశాను, నేనూ లాగాను.

లాగేవాళ్లు ముందుకి చూడలేరు. పడవ వెళ్లే దిక్కుకి వాళ్ల వీపులుంటాయి. ముందేముందో కనిపించేది వెనకభాగంలో చుక్కాని పట్టుకుని కూర్చున్న కాక్సన్ ఒక్కరికే. కాబట్టి కాక్సన్ నోట్లోంచి వచ్చే మాట మీదే అయిదుగురూ నడుస్తారు. నాకు మొదటిసారి చుక్కాని ఇచ్చినప్పుడు తెడ్డు మీదున్నవాళ్లంతా నా క్లాసు పిల్లలే. రోజూ పక్క బెంచీలో కూర్చునేవాళ్లని 'గివ్ వే టుగెదర్' (అందరూ కలిసి లాగండి) అని ఆజ్ఞాపించాలి. గొంతు పెంచితే వాళ్లకి కోపం వస్తుంది, తగ్గిస్తే గాలికి వినపడదు. అరిచేకొద్దీ తెడ్ల వరస చెదిరిపోతుంది. కాక్సన్‌కి ఎదురుగా, దగ్గరగా కూర్చుని తెడ్డు లాగే మనిషిని స్ట్రోక్ అంటాం. ఆ స్ట్రోక్ లయని సరిచేస్తే చాలు, మిగతా నలుగురూ ఆ వీపు చూసుకుని దారికొస్తారు. మాకు నేర్పిన చీఫ్ సార్ చెప్పింది ఇదొక్కటే: "నువ్వు స్ట్రోక్‌తో మాట్లాడమ్మా, పడవ తనే వింటుంది."

ఇంకో పాఠం జెట్టీ దగ్గర వస్తుంది. పడవకి బ్రేకులుండవు. 'వే ఎనఫ్' (ఇక ఆపండి) అన్నాక ఇంకో పట్టు లాగి అప్పుడు ఆపుతారు. ఆ తర్వాత కూడా పడవ తన ఊపుతో కొంత దూరం వెళ్తుంది. అందుకని గాలి ఎటు, పోటా ఆటా, పడవలో ఎంత బరువుంది అన్నీ చూసుకుని చాలా ముందే ఆర్డర్ ఇవ్వాలి. ఇవాళ నేను ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉన్నాను. ఏదైనా ఆపాలన్నా మొదలుపెట్టాలన్నా ఎంత ముందుగా చెప్పాలి అన్న లెక్క నాకు ఆ జెట్టీ దగ్గరే వచ్చింది. లీడర్‌షిప్ మీద క్లాసులు కూడా తీసుకున్నారు, నోట్సు రాసుకున్నాం, పరీక్ష రాశాం. వాటిలో ఒక్క వాక్యం కూడా ఇప్పుడు గుర్తులేదు.

తెరచాప నేర్చుకోవడానికి కాకినాడ లాంటి చోటు దొరకడం అదృష్టం. ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండడంతో లోపలివైపు నీళ్లు చాలావరకు నెమ్మదిగా ఉంటాయి. అవతల బంగాళాఖాతం ఎగిసిపడుతున్నా కొత్తవాళ్లు ఇవతల ధైర్యంగా మలుపులు నేర్చుకోవచ్చు. విశాఖలో ఇంకో లాభం ఉంది. తూర్పు నౌకాదళ కమాండ్ అక్కడే కాబట్టి నిజమైన ఓడల్ని దగ్గర్నుంచి చూసే వీలు దొరుకుతుంది. మమ్మల్ని ఓడ మీదకి తీసుకెళ్లినప్పుడు నన్ను పట్టేసింది డ్యూటీల ఏర్పాటు. నాలుగేసి గంటల వాచీలు (డ్యూటీ వంతులు), సాయంత్రం 4 నుంచి 8 దాకా మాత్రం రెండు గంటల చొప్పున రెండు ముక్కలు. అలా విడగొట్టడం వల్ల రోజులో వాచీల సంఖ్య బేసి అవుతుంది, అర్ధరాత్రి డ్యూటీ రోజూ ఒకే బృందం మీద పడదు. ఇంత చిన్న మార్పుతో అందరికీ న్యాయం చేయొచ్చని అప్పటిదాకా నాకు తట్టలేదు.

మిగతా సిలబస్ సంగతి. ముడులు పనికొస్తాయి: బోలైన్, క్లోవ్ హిచ్, రీఫ్ నాట్, షీట్ బెండ్. చూడకుండా, వీపు వెనక చేతులు పెట్టుకుని వెయ్యగలిగేదాకా వదలరు. సెమాఫోర్ జెండాలు బయటివాళ్లకి పాతకాలపు విద్యలా కనిపిస్తాయి గానీ, ఏ నుంచి జీ దాకా ఒక్క చేత్తో, అక్కణ్ణించి రెండు చేతుల్తో అక్షరాలు తిప్పుతూ గ్రౌండ్ అవతల ఉన్న స్నేహితురాలికి కబురు పంపడంలో ఉన్న సరదా వేరు. ఓడ మోడల్ తయారీ అంటే ఇష్టమున్న పిల్లలకి అదొక లోకం. రాత్రి దీపాలు, ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి అనే నియమాలు శ్రద్ధగా చదవాలి. ఫైరింగ్ .22 రైఫిల్‌తో ఉంటుంది, చేతికొచ్చే రౌండ్లు తక్కువే.

నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. మా యూనిట్‌లో కొన్ని నెలలు పడవ ఒడ్డుమీదే ఉండిపోయేది. ఒకసారి మరమ్మతు, ఇంకోసారి పరేడ్ పోటీలు, ఇంకోసారి ఎవరో పెద్దల రాకకి గార్డ్ ఆఫ్ ఆనర్. పడవ దిగని నేవల్ వింగ్‌కీ పక్కనున్న ఆర్మీ వింగ్‌కీ యూనిఫామ్ రంగు తప్ప తేడా ఉండదు. రెండోది ఈత. నౌకాదళం పేరున్న శిక్షణలో మాకు ఈత పద్ధతిగా నేర్పలేదు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవర్నీ పడవెక్కనివ్వలేదు, అది నిజం. కానీ జాకెట్ ఉన్నా ఈత రాని పిల్ల మనసులో భయం ఉంటుంది, ఆ భయం తెడ్డు మీద తెలుస్తుంది. మూడోది భాష. మా థియరీ క్లాసులు హిందీ, ఇంగ్లీషుల్లోనే నడిచేవి. తెలుగు మీడియం నుంచి వచ్చిన, పుట్టినప్పట్నుంచీ సముద్రం మీద పెరిగిన మత్స్యకార కుటుంబాల పిల్లలు క్లాసులో నోరు విప్పేవాళ్లు కాదు. నీళ్ల మీదకి వచ్చాక మాకు గాలి చదవడం నేర్పింది వాళ్లే. ఆ పిల్లలకి తెలుగులో ఒక పుస్తకం తయారుచేసి ఇస్తే ఎంత బాగుంటుందో.

క్యాంపుల గురించి అమ్మాయిల అమ్మానాన్నలకి చెప్పాల్సిన మాట: మాతోపాటు లేడీ ఏఎన్‌ఓ (కాలేజీలో ఎన్‌సీసీ చూసుకునే లెక్చరర్) లేదా జీసీఐ (అమ్మాయిల శిక్షకురాలు) ఎప్పుడూ ఉండేవాళ్లు, రాత్రి కాపలా, రోల్ కాల్ గట్టిగా ఉండేవి. బాత్రూమ్‌లు ఒక క్యాంపులో బాగుంటాయి, ఇంకోచోట ఉండవు. ముందే అడిగి, కావాల్సినవి పంపండి. వేలర్ సెయిలింగ్ పోటీలు, పుల్లింగ్, సెమాఫోర్ అన్నీ ఒకచోట జరిగే ఆల్ ఇండియా నౌ సైనిక్ క్యాంపుకి మీ అమ్మాయి ఎంపికైతే మాత్రం చదువు పోతుందని ఆపకండి. దేశం నలుమూలల పిల్లలతో ఒకే పడవలో కూర్చునే అవకాశం మళ్లీ రాదు.

ఇక సర్టిఫికెట్. పరేడ్ హాజరు 75 శాతం ఉండాలి, క్యాంపులు పూర్తిచెయ్యాలి, అప్పుడే పరీక్షకి పంపుతారు. నేవల్ వింగ్ సి సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి కేరళలోని ఎళిమల నేవల్ అకాడమీలో ప్రత్యేకంగా సీట్లున్నాయి. సీడీఎస్ (సైనిక అధికారుల నియామకానికి యూపీఎస్‌సీ పెట్టే పరీక్ష) నోటిఫికేషన్‌లో అవి విడిగా రాసి ఉంటాయి, కొద్ది సీట్లే. దేశమంతటికీ అన్నే అంటే పోటీ ఎంతుంటుందో ఊహించుకోవచ్చు, ఎస్‌ఎస్‌బీ (సైనిక అధికారుల్ని ఎంపికచేసే బోర్డు) ఇంటర్వ్యూ ఎలాగూ గట్టెక్కాలి. నాతోపాటు ఉన్నవాళ్లలో చాలామంది యూనిఫామ్ ఉద్యోగాల్లోకి వెళ్లలేదు. టీచర్లున్నారు, నర్సులున్నారు, పోర్టులో పనిచేసేవాళ్లున్నారు.

సముద్రం అమ్మాయిలకి దూరం అనేవాళ్లకి నేను ఐఎన్‌ఎస్‌వీ తరిణి పేరు చెప్తాను. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి భూమిని చుట్టి 2018 మే నెలలో తిరిగొచ్చిన ఆ తెరచాప పడవలో నౌకాదళ మహిళా అధికారులు ఆరుగురు. వాళ్లలో పి. స్వాతిది విశాఖ, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాద్. మా బ్యాచ్ అమ్మాయిలం ఆ ఫొటోని లాకర్ తలుపుకి అంటించుకున్నాం.

ఎవరికి చెప్తాను? నీళ్లంటే ఇష్టమున్న పిల్లల్ని, ఇంట్లో చిన్న పని కూడా చెప్తేగానీ చెయ్యని పిల్లల్ని తప్పకుండా చేర్చమని చెప్తాను. కేవలం ఎడ్మిషన్ కోటా కోసమైతే వద్దు, ఎండలో నిలబడడం భారమైపోతుంది. చేరేముందు కాలేజీలో ఏఎన్‌ఓని కలిసి నాలుగు విషయాలు అడగండి: పడవలెన్ని, గత ఏడాది సెయిలింగ్ యాత్రకి వెళ్లారా, ఓడ అటాచ్‌మెంట్‌కి (ఓడ మీద శిక్షణకి) ఎంతమందిని పంపారు, ఈత నేర్పుతారా. ఎంపిక మామూలుగా కాలేజీ తెరిచిన తొలి వారాల్లోనే అయిపోతుంది కాబట్టి ఆలస్యం చెయ్యకండి. ఈత మాత్రం ఈ వేసవిలోనే నేర్పించండి.